రెండో కన్ను: తొమ్మిదో తరగతి డ్రాయింగ్ పీరియడ్‌లో యానిమే బొమ్మలకు రంగులు (ఒక కేస్ స్టడీ)

ఈ కేసులో అబ్బాయిని వాసు అని పిలుస్తున్నాను. అసలు పేరు అది కాదు. ఊరు, బడి, సంవత్సరం చెప్పడం లేదు. రాస్తానని వాడికీ వాళ్ల అవ్వకీ ముందే చెప్పాను, ఇద్దరూ సరేనన్నాకే కూర్చున్నాను. తరగతిలో రంగుల పేజీలు జిరాక్స్ తీసి పంచే టీచర్లు చాలామంది ఉన్నారు. నేనెక్కడ తప్పు చేశానో, ఎందుకు చేశానో వాళ్లకు తెలియాలని ఇంత వివరంగా పెడుతున్నాను.

నేపథ్యం

ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేనక్కడ డ్రాయింగ్ మాస్టారిని. చుట్టుపక్కల ఊళ్లన్నీ పొగాకు, మిరప, కంది, శనగ మీద బతికేవే. పొదిలి, కొండపి, కనిగిరి వేలం కేంద్రాలకు ఇక్కణ్ణుంచే బేళ్లు పోతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఏ దారిన పోయినా బ్యారన్ (పొగాకును వేడి పెట్టి పండించే ఇటిక కొట్టం) పొగ, మగ్గుతున్న ఆకు వాసన. ఆ నెలల్లో బడిలో హాజరు కూడా పలచబడుతుంది.

డ్రాయింగ్‌కి వారానికి ఒక్క పీరియడ్. 45 నిమిషాల్లో హాజరు, కాగితాలు పంచడం, రంగులు వెతుక్కోవడం పోను 30 మిగిలితే ఆ రోజు బాగా జరిగినట్టు. పదో తరగతికి మా పీరియడ్ పేరుకే ఉంటుంది, సిలబస్ కోసం ఎవరో ఒకరు తీసుకుంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పట్టుకోలేకపోతే ఆ పిల్లవాడు మళ్లీ నా చేతికి దొరకడు. ఈ కేసులో నేను తొందరపడిన చోట్లన్నీ ఆ భయంతో తొందరపడ్డవే.

ఇంట్లో ఒక ఫోను ఉంటే చాలు, పిల్లలు యానిమే, అంటే జపాన్ కార్టూన్లు, చూస్తారు. వాటిలో హీరోలు నరుటో, గోకు వాళ్లకు మేనమామల పేర్లంత సొంతం. డోరేమాన్ అంటే మాత్రం "అది చిన్నపిల్లలది సార్" అంటారు. నాకు ఆ బొమ్మల సంగతి అప్పటికి పెద్దగా తెలియదు. నేను నేర్చుకున్నది ఫ్రీహ్యాండ్, మోడల్ డ్రాయింగ్, జామెట్రీ. కూజా, దాని పక్కన రెండు నిమ్మకాయలు. లేకపోతే సీనరీ: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక పూరిల్లు, కొబ్బరిచెట్టు, వంకర తిరిగిన కాలవ. నేను చెప్పకపోయినా పిల్లలు వేసేది అదే. కొబ్బరిచెట్టు మా మెట్టలో ఏ ఇంటి ముందూ కనపడదు, అయినా వేస్తారు.

మొదట కనిపించింది

వాసుది చివరి బెంచీ, కిటికీ పక్క. ఎనిమిదో తరగతిలో ఏడాది మొత్తానికి నాకిచ్చినవి మూడు కాగితాలు. మూడూ ఖాళీవే. పేరు, తరగతి, రోల్ నంబరు మాత్రం పైన ముత్యాల్లా రాసి ఉండేవి. అల్లరి లేదు, ఎదురు మాట లేదు. అడిగితే "రాదు సార్" అని తల వంచేవాడు. అమ్మానాన్న పనుల కోసం ఊళ్లు తిరుగుతుంటారు, వాడు అవ్వ దగ్గర ఉంటాడు. ఆమె సీజన్‌లో ఆకు గ్రేడింగ్‌కి పోతుంది. చదువులో మధ్యరకం. నేను వాడిని బద్ధకస్తుల లెక్కలో వేసేశాను.

తొమ్మిదిలోకి వచ్చాక జులైలో ఒకరోజు సోషల్ మేడమ్ ఒక నోట్సు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మీ శిష్యుడి పని చూడండి మాస్టారూ" అన్నారు, కాస్త కోపంగానే. మార్జిన్ల నిండా కళ్లు. పేజీ పేజీకీ కళ్లు. యానిమే కన్ను: పైన మందంగా రెప్ప గీత, లోపల నిలువుగా సాగిన పెద్ద పాప, పాపలో తెల్లగా వదిలేసిన వెలుగు చుక్క. కొన్నిటికి ముక్కు, గడ్డం కూడా ఉన్నాయి. గీత శుభ్రంగా ఉంది, బరువు తెలిసిన చెయ్యి. ప్రతి ముఖానికీ ఒకే కన్ను, ఎప్పుడూ ఎడమవైపుది. రెండో కన్ను ఉండాల్సిన చోట జుట్టు పాయ వచ్చి పడుతుంది.

ఆ జుట్టు స్టైల్ అనుకున్నాను. యానిమేలో అట్లాంటి పాత్రలు చాలా ఉంటాయి. అసలు సమస్య ఆ పాయ కిందే ఉందని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మొదటి ప్రయత్నం: రంగుల పేజీలు

వాడొక్కడే కాదు, తరగతిలో సగంమంది నోట్సుల్లో ఇవే బొమ్మలు. చెయ్యి తనంతట తాను ఎటు పోతోందో అటే మనమూ పోదాం అనుకున్నాను. నెట్‌లో యానిమే రంగుల పేజీలు దొరుకుతాయి. నాలుగు ఎంచి, బస్టాండ్ ఎదురు షాపులో ప్రింటు తీయించి, తరగతికి సరిపడా జిరాక్స్ కొట్టించాను. ఎంచడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. నెత్తురు, కత్తులు, తొమ్మిదో తరగతి ఆడపిల్లల ముందు పెట్టలేని బట్టలు ఇవన్నీ వాటిలో కలిసే ఉంటాయి. ముందు నేను చూడని పేజీ పిల్లల చేతికి పోకూడదు.

మొదటి వారం తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే హెడ్మాస్టరు గారు వరండాలో ఆగి తొంగి చూసి వెళ్లారు. వాసు రంగు వేశాడు. గంట కొట్టాక కూడా వేస్తూనే ఉన్నాడు. వాడి చేతి నుంచి నాకు మొట్టమొదట అందిన నిండు కాగితం అది. నాకు కళ్లు చెమర్చాయి. ఇదే దారి అని నాలుగు వారాలు అట్లాగే నడిపాను.

అయిదో వారం మార్కులు వేద్దామని కాగితాలన్నీ స్టాఫ్‌రూమ్ వరండాలో వరసగా పరిచాను. అక్కడ తెలిసింది. అన్నీ ఒక్కటే. ఒకే నారింజ చొక్కా, ఒకే పసుపు జుట్టు, ఒకే నీలం కళ్లు. పీరియడ్ మొదలవగానే "ఒరిజినల్ కలర్ ఏంది సార్" అని అడిగి, ఫోనులో చూసొచ్చినవాడు చెప్తే అందరూ అదే వేశారు. ఒకరి కాగితానికీ ఇంకొకరి దానికీ తేడా అల్లా గీత దాటారా లేదా అన్నదే. గీత దాటకుండా వేయడం రెండో తరగతిలో నేర్పే పని. హైస్కూలు పిల్లలకు నేనిచ్చిన నాలుగు వారాల్లో వాళ్లు సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటి కూడా లేదు. ముఖం ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఎటు చూడాలి అన్నది పేజీ తేల్చేసింది. మిగిలిన రంగు కూడా ఫోను తేల్చేసింది.

అయినా ఏమన్నా అంటుకుందేమో చూద్దామని ఆ వారం తెల్లకాగితం ఇచ్చాను. అదే పాత్ర, మీకు నచ్చినట్టు వేయండి అన్నాను. కొంతమంది వంకరటింకరగా వేశారు. వాసు కాగితం నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. విప్పితే పేరు, తరగతి, రోల్ నంబరు.

రెండో ప్రయత్నం: గళ్లు

కొలతలు రాక భయపడుతున్నాడని అనుకున్నాను. కొలతలు రాని వాడికి మనం ఇచ్చే ఊతకర్ర గళ్లు. బొమ్మ మీద సెంటీమీటరు గళ్లు, కాగితం మీద రెండు సెంటీమీటర్ల గళ్లు గీసి, గడికి గడి చూసి దింపడం. సినిమా బ్యానర్లు చేత్తో వేసిన రోజుల నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి. తరగతిలో చాలామందికి ఇది బాగా పనికొచ్చింది. ఇద్దరు ముగ్గురు నన్నే ఆశ్చర్యపరిచారు.

వాసుకు మాత్రం చెడు చేసింది. ఎడమ కన్ను ఒక్క పీరియడ్‌లో దింపాడు. కుడి కన్ను దగ్గర మూడు వారాలు ఆగిపోయాడు. గీయడం, స్కేలు పెట్టి చూడడం, రబ్బరు పెట్టి తుడవడం. మళ్లీ గీయడం, మళ్లీ తుడవడం. కాగితం నూగు లేచి, పలచబడి, చివరికి కన్ను ఉండాల్సిన చోట చిల్లు పడింది. గళ్లు ఊతమిస్తాయనుకున్నాను. వాడి విషయంలో ప్రతి గడీ ఒక పరీక్ష పేపరయింది, తప్పు ఎన్ని మిల్లీమీటర్లో లెక్కగట్టి చూపించింది. తెలియనివాడికి ఇచ్చే సాయం, భయపడేవాడికి ఇచ్చే సాయం ఒకటి కావని నాకు అప్పటికి తట్టలేదు.

దానిపైన ఇంకో పని చేశాను. వాడి నోట్సులో కళ్లు తరగతికంతా చూపించి, "చూడండ్రా ఎంత బాగా వేశాడో" అని మెచ్చుకుని, "రారా వాసూ, బోర్డు మీద రెండో కన్ను కూడా వెయ్యి" అన్నాను. ధైర్యం వస్తుందని. వాడు లేచి నిలబడ్డాడు, బోర్డు దాకా రాలేదు. మర్నాడు బడికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇరవై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్నవాడిని, నేను చేయకూడని పని అది.

అవ్వ తెచ్చిన కవరు

వాడు రాలేదని కబురు పెడితే అవ్వ వచ్చింది. "వాడికి బొమ్మలంటే ఇష్టం లేదేమో అవ్వా, నేనే బలవంతం చేస్తున్నానేమో" అన్నాను. ఆమె నా వంక వింతగా చూసింది. "ఇష్టం లేకపోవడమేంది సారూ, రాత్రి పన్నెండు దాకా అదే పని. గీస్తాడు, చించేస్తాడు. పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తయ్యని నేనే ఏరిపెడతా" అంది. మర్నాడు వాడికి తెలియకుండా ఒక పాలిథిన్ కవరు తెచ్చిచ్చింది.

ఆ సాయంత్రం ఒక్కో ఉండా విప్పి, బల్ల మీద అరచేత్తో సాపు చేశాను. అన్నీ నిండు ముఖాలే. ఎదురుగా చూస్తున్న ముఖాలు, జుట్టు వెనక్కి కట్టిన ముఖాలు. అన్నిటికీ రెండో కన్ను మొదలుపెట్టి ఉంది. అన్నీ అక్కడి నుంచే చిరిగి ఉన్నాయి.

బద్ధకం అన్న మాట ఆ రోజుతో పోయింది. గీయడం రాకపోవడం కూడా కాదు, వాడికి వచ్చు. రెండో కన్ను మొదటిదానికి అద్దంలో బింబంలా కుదరాలి. కుదరకపోతే మొదటిది కూడా చెడిపోతుందని వాడి భయం. అందుకే బడి నోట్సుల్లో జుట్టు పాయతో కప్పేస్తాడు. బొమ్మలు నేర్చుకునే పిల్లల్లో ఇది చాలా మామూలు దాపరికమని తర్వాత గమనించాను. రెండో కన్ను జుట్టు కింద దాస్తారు, చేతులు జేబుల్లో దాస్తారు, పాదాలు గడ్డిలో దాస్తారు. నోట్సులు తిరగేస్తే ఏ పిల్లవాడు ఎక్కడ ఇరుక్కున్నాడో ఆ దాపరికాలే చెప్తాయి.

మళ్లీ రంగుల పేజీకే ఎందుకు వెళ్లాను

వాడు చించని కాగితం ఒక్కటే ఉంది, నేనిచ్చిన రంగుల పేజీ. ఎందుకు చించలేదు? ఆ గీత వాడిది కాదు. తప్పయినా వాడి తప్పు కాదు. ఆ నిశ్చింత వాడికి కావాలి. నేను చేసిన పొరపాటు పేజీ ఇవ్వడం కాదు, పేజీని మార్చకుండా వారం వారం అదే ఇవ్వడం. నిశ్చింతను ఉండనిచ్చి, పేజీ చేతిలో ఉన్న నిర్ణయాలను వారానికొకటి చొప్పున పిల్లవాడి చేతికి మార్చుకుంటూ పోతే? నవంబరులో ఈ ఆలోచనతో మళ్లీ మొదలుపెట్టాను. వాసు ఒక్కడికే ఇవ్వలేదు, తరగతికంతా ఇచ్చాను. మళ్లీ వాడిని వేరుచేసి నిలబెట్టదలచుకోలేదు.

ముందు "ఒరిజినల్ కలర్" సంగతి తేల్చాలి. పిల్లలకు రెండు నిజాలు చెప్పాను. ఒకటి, ఈ కథలు చాలావరకు మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల, పుస్తకాలుగా పుట్టినవి, ఆ పుస్తకాల్లో పేజీలు ఎక్కువ భాగం నలుపు తెలుపే. రెండోది చెప్పకుండా చూపించాను. నరుటో పగటి దృశ్యం ఒకటి, రాత్రి దృశ్యం ఒకటి ఫోనులో ఆపి, రెండు చోట్లా చొక్కా రంగు ఏమిటో పేరు పెట్టమన్నాను. పగలు నారింజ అన్నారు అందరూ. రాత్రి దానికి "ఇటికరాయి", "తుప్పు", "ఎండుమిరపకాయ" అన్నారు. యానిమే తీసేచోట పాత్రకు రంగులు నిర్ణయించేవాళ్లు వేరే ఉంటారు. పగటికి ఒక పట్టీ, సాయంత్రానికి, రాత్రికి వేరే పట్టీలు తయారుచేస్తారు. మరి ఒరిజినల్ ఏది అంటే తరగతి ఆలోచనలో పడింది. ఆ తర్వాత ఆ ప్రశ్న నాకు పెద్దగా వినపడలేదు.

అప్పుడే రంగుల చక్రం కూడా చెప్పేశాను. ఏళ్ల తరబడి చార్టు వేలాడదీసి చెప్పినా ఎక్కని పాఠం అది. గోకు నారింజ బట్టల కింద నీలం ఎందుకు? నరుటో నారింజ చొక్కాకి కళ్లు నీలం ఎందుకు? చక్రంలో నారింజకు ఎదురుగా ఉన్నది నీలం, ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే రెండూ మెరుస్తాయి. డోరేమాన్ ఒంటికి నీలం, మెడపట్టీ ఎరుపు, గంట పసుపు, మూడూ ప్రాథమిక రంగులే. ఒక అమ్మాయి లేచి "మా అమ్మ పట్టుచీర అంచు కూడా ఎదురు రంగే సార్" అంది. అంతకంటే నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

తర్వాతి వారం వెలుతురు. ప్రతి కాగితం మూలన చిన్న సూర్యుడిని వేసుకోమన్నాను, ఏ మూల అన్నది వాళ్ల ఇష్టం. సూర్యుడికి అవతలి వైపు నీడ. యానిమేలో నీడకు అంచు కత్తితో కోసినట్టుంటుంది, మెల్లగా కలిసిపోదు. ఒకప్పుడు పారదర్శకమైన షీట్ల మీద ముందువైపు గీత, వెనకవైపు రంగు వేసేవారు. వేలకొద్దీ బొమ్మలకు రకరకాల చేతులు రంగులు వేసినా ఒకేలా రావాలంటే మామూలు రంగు ఒకటి, నీడ రంగు ఒకటి, మధ్యలో స్పష్టమైన అంచు ఉండాలి. 1963లో జపాన్ మాంగా కళాకారుడు టెజుకా ఒసాము తన ఆస్ట్రో బాయ్ కథను యానిమేగా టీవీకి తెచ్చినప్పుడు ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపేవారు. సెకనుకు 24 ఫ్రేములైతే 8 బొమ్మలు సరిపోతాయి. ఇదంతా పొదుపులోంచి పుట్టిన అందం. మా పిల్లలకు పొదుపు గురించి వేరే చెప్పక్కర్లేదు, చటుక్కున పట్టుకున్నారు.

కన్నుకు ఒక పీరియడ్ అంతా ఇచ్చాను. పాప పైభాగం ఎందుకు చీకటి? పైరెప్ప నీడ దాని మీద పడుతుంది కనుక. వెలుగు చుక్క ఏ పక్క? సూర్యుణ్ణి పెట్టుకున్న పక్క. ఆ చుక్కను మొదటే తెల్లగా వదిలేయాలి, ముదురు క్రేయాన్ మీద తెల్ల క్రేయాన్ రుద్దితే మురికి తప్ప వెలుగు రాదు. వాసు ఆ రోజు తన సూర్యుణ్ణి కింది మూలన పెట్టాడు. ఎందుకురా అంటే "పొయ్యి ముందు కూర్చున్నాడు సార్" అన్నాడు. వాడు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం. కళ్లలో చుక్క కూడా కిందే వదిలాడు, గడ్డం కింద వెలుగు, నుదుటి మీద నీడ.

పసుపు అయిపోయింది

ఒక ఇబ్బందే మాకు మేలు చేసింది. 12 రంగుల పెట్టెలో పసుపు ఒక్కటే ఉంటుంది. ఈ హీరోల జుట్టు సగం పసుపే. డిసెంబరుకల్లా తరగతిలో పసుపు క్రేయాన్లన్నీ గోరంత ముక్కలయ్యాయి. కొత్తవి తెచ్చేలోగా ఒక వారం పసుపు లేకుండానే పసుపు జుట్టు వేయాలి అని పెట్టాను, పెట్టె మొత్తంలో మూడే రంగులు వాడాలి.

వాసు జుట్టు కుదుళ్ల దగ్గర లేత ఆకుపచ్చ పలచగా రుద్దాడు. దాని మీద నారింజ ఇంకా పలచగా. కొసలకు వచ్చేసరికి ఆకుపచ్చ మాయమై నారింజ ఒక్కటే కాగితం తెలుపులో కలిసిపోయింది. గోటితో నిలువుగా గీకి వెంట్రుకలు తీశాడు. నేను ఆ రంగు ఎక్కడో చూశాను, ఎక్కడో తట్టలేదు. అడిగితే చెప్పాడు: "బ్యారన్‌లో రెండో రోజు ఆకు సార్. అంచుల కాణ్ణుంచి పండుద్ది. ఈనె కాడ ఇంకా పచ్చగానే ఉంటది."

అవ్వ గ్రేడింగ్‌లో కూర్చుని ఆకును రంగును బట్టి వేరుచేస్తుంటే పక్కన కూర్చుని చూసిన కళ్లు అవి. మనం పసుపు అని ఒక్క మాట అనేచోట ఆమె వేళ్లు నాలుగు కుప్పలు పోస్తాయి. ఆ చూపు వాడికి ఇంట్లోనే వచ్చింది. నా సీనరీలో దానికి చోటు లేక ఇన్నాళ్లూ బయటికి రాలేదు.

రెండో కన్ను

ఇప్పుడు గీతల వంతు. జిరాక్స్‌కు ముందే అసలు పేజీ మీద వైట్నర్‌తో ఒక్కో భాగం చెరిపేశాను. మొదటి వారం చొక్కా మీది గుర్తులు లేవు. రెండో వారం జుట్టు లేదు. మూడో వారం కుడి కన్ను లేదు.

వాసు అక్కడ జుట్టు పాయ వేశాడు. నేనేమీ అనలేదు. నాలుగో వారం జుట్టు గట్టిగా వెనక్కి కట్టిన ముఖం ఇచ్చాను, కుడి కన్ను మళ్లీ లేదు. కంటికి అడ్డంగా గుడ్డ కట్టాడు, గాయమైనట్టు. అప్పుడూ ఏమీ అనలేదు. పేజీ మిగతాది వాడికి అండగా ఉంది, ఒక్క ఖాళీ మాత్రమే వాడిని అడుగుతోంది. అడిగినప్పుడల్లా చించకుండా ఏదో ఒక జవాబిస్తున్నాడు. ఆ గుడ్డ కూడా జవాబే.

మధ్యలో ఆడపిల్లలు ఒక దారి చూపించారు. ముగ్గు వేసేవాళ్లకు సమానత చేతివేళ్లలో ఉంటుంది. ముందు చుక్కలు పెట్టి, ఎడమన ఎన్ని వదిలారో కుడిన అన్నే వదిలి కన్ను దింపుతున్నారు. నేను దానికి ఇంకొకటి జోడించాను. ముఖం సగం మెత్తటి, నల్లటి 6బీ పెన్సిలుతో ఒత్తి గీసి, కాగితం నిలువుగా మడిచి, వెనక నుంచి చెంచా వీపుతో రుద్దితే అవతలి సగం మసగ్గా అచ్చు పడుతుంది. వాసు దాన్ని పదిసార్లు చేసి చూశాడు. అచ్చు పడిన కన్ను ముఖానికి అతికించినట్టు ఉండడం వాడే కనిపెట్టాడు. "రెండూ ఒకే మాదిరుంటే బొమ్మ చచ్చిపోయినట్టుంది సార్" అన్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మని మాట అది.

జనవరిలో రబ్బర్లన్నీ ఒక డబ్బాలో వేయించి నా బల్ల మీద పెట్టాను, నాది కూడా. ఈ నెల పెన్నుతోనే అన్నాను. వాడిని తినేస్తున్నది తప్పు కాదు, తుడవడం. తుడిచే వీలుంటే ఆ పని ఎప్పటికీ పూర్తికాదు. బోర్డు మీద నేను కూడా తప్పు గీసి తుడవకుండా ఉంచాను, దానిపైనే సరిచేశాను. ఇది నేను అంతకు ముందు ఎప్పుడూ చేయలేదు, పిల్లలకు మాస్టారి గీత ఎప్పుడూ తుడిచేసిన తర్వాతే కనపడేది.

ఆ మూడో వారం, సగం ముఖం ఉన్న పేజీ మీద వాసు నీలం బాల్‌పెన్నుతో కుడి కన్ను వేశాడు. అది ఎడమదానికంటే కొంచెం కిందికి, కొంచెం చిన్నగా పడింది. నేను వెనక బెంచీ దగ్గరే ఉన్నాను, చూడనట్టు కిటికీ వైపు తిరిగాను. చాలాసేపు పెన్ను కదల్లేదు. తర్వాత ఆ కన్ను పైన కనుబొమ్మ కిందికి ఒత్తి గీశాడు, కింద రెప్ప దగ్గర రెండు ముడతలు పెట్టాడు, నోటి కొసను ఆ వైపు కొంచెం పైకి లాగాడు. ముఖం ఒక కన్ను చిట్లించి నవ్వుతోంది. తప్పు పోలేదు, అక్కడే ఉంది, ఆ మనిషి చూపు అయింది.

కాగితం మడవకుండా ఇచ్చాడు.

ఫిబ్రవరిలో చివరి పేజీ ఇచ్చాను. అందులో పాత్ర చిన్నదిగా ఒక మూల, మిగతా అంతా ఖాళీ. ఈ మనిషి మన ఊరికి వస్తే ఎక్కడ నిలబడతాడు అన్నాను. బస్టాండు, చెరువు కట్ట, తిరనాళ్ల ప్రభ, కిరాణా కొట్టు వచ్చాయి. కొండలు, కొబ్బరిచెట్టు ఒకరిద్దరే వేశారు. వాసు బ్యారన్ వేశాడు. ఎత్తయిన ఇటిక గోడ, కింద పొయ్యి నోరు, బయట కట్టెల మోపు, గడప మీద అవ్వ. అవ్వ ముఖం ఎదురుగా చూస్తోంది, రెండు కళ్లతో.

మిగిలిపోయినవి, గమనించినవి

ఈ పద్ధతి అందరికీ ఒకేలా పట్టలేదు. నలుగురైదుగురు ఏడాదంతా నిండు పేజీకి రంగు వేయడమే కోరుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయికి ఇంట్లో పరిస్థితి బాగాలేదు, వారానికి ఆ అరగంటే ఆమెకు మనసు నిలిచే సమయం. ఆమెకు వైట్నర్ పేజీ ఇవ్వలేదు, ఇవ్వనందుకు బాధ లేదు. ఇద్దరు అబ్బాయిలు గళ్ల పద్ధతితోనే ఎంతో ముందుకు పోయారు, వాళ్లను అక్కడి నుంచి కదపలేదు.

హైస్కూల్లో రంగుల పుస్తకాలేమిటని అడిగినవాళ్లు ఉన్నారు. మన శ్రీకాళహస్తి కలంకారీ చూపించాను. బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన నల్ల కసిమితో ముందు గీత, తర్వాత దాని లోపల రంగు. మన తోలుబొమ్మలూ అంతే, నల్ల అంచు, లోపల చదును రంగు, పెద్ద కళ్లు. గీత లోపల రంగు నింపడం ఒక్క చిన్నపిల్లల పనే కాదు. ఆ గీత ఎవరిది, ఆ రంగు ఎవరు ఎంచారు అన్నది చూడాలి. మార్కులు కూడా అప్పటినుంచి దాన్ని బట్టే వేస్తున్నాను, అంచు దాటినందుకు తీసేయడం మానేశాను. పోటీలకు పంపేవి మాత్రం పిల్లలు సొంతంగా పుట్టించిన పాత్రలే అయి ఉండాలని పెట్టుకున్నాను.

పనికొచ్చే చిన్న సంగతులు: ఇంక్‌జెట్ ప్రింటు నేరుగా పిల్లలకిస్తే స్కెచ్ పెన్ను తడికి గీత పారుతుంది. ఒక్క ప్రింటు తీసి దాన్ని జిరాక్స్ చేయిస్తే పారదు. మామూలు ఏ4 కాగితం వాటర్ కలర్‌కి ముడుచుకుపోతుంది, క్రేయాన్, కలర్ పెన్సిలుకే దాన్ని వాడాలి. స్కెచ్ పెన్ను అవతలికి దిగుతుంది, కింద పాత పేపరు పెట్టించాలి. పసుపు, నారింజ, చర్మానికి వాడే లేత రంగు విడిగా కొని ఉంచుకోవాలి. గీతలు మరీ సన్నగా, కిక్కిరిసి ఉన్న పేజీలు ఎంచకూడదు, 30 నిమిషాల్లో కావు.

వాసు ఫిబ్రవరి చివర మూడు వారాలు బడికి రాలేదు, పని సీజను. తిరిగొచ్చాక కొంచెం వెనక్కి పోయాడు, ఒక కాగితం చించాడు కూడా. ఇప్పుడు పదిలో ఉన్నాడు. నాకు పీరియడ్ లేదు కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు స్టాఫ్‌రూమ్ వరండాలోకి వస్తాడు. వాడి మనుషులు ఇప్పటికీ చేతులు జేబుల్లో పెట్టుకునే నిలబడతారు. పోయిన వారం నుంచి వాడి ఎడమ చేతినే కాగితం మీద ఆనించి చుట్టూ పెన్నుతో గీయిస్తున్నాను. వేళ్ల మధ్య నీడ ఎటు పడుతుందో వాడే చూసుకుని వేస్తున్నాడు. బొటనవేలి దగ్గర ఆగాడు.